కింది వరస

కూతురి చదువు నాశనం చేసింది ఆ గుమాస్తాయే, అందులో అనుమానం లేదు, రెండేళ్ళుగా మేస్త్రి అడిగినవాడికీ అడగనివాడికీ అదే చెబుతున్నాడు, యూనివర్సిటీ ఆఫీసు బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని ఇప్పుడూ అదే అనుకుంటున్నాడు, పిల్ల కోరింది భూగర్భశాస్త్రం, వాడు అంటగట్టింది వాణిజ్యం, రాళ్ళంటే ప్రాణం పెట్టే పిల్లకి రాళ్ళ చదువు మైనరట, నూట ఇరవై క్రెడిట్లలో పద్దెనిమిది, నాలిక్కి రాసినట్టు, ఎదుటి గోడ ఎవడు కట్టాడో, చెమ్మ దిగి ఉబ్బిపోయింది, ఇప్పుడు మేజరు మారిస్తే నలభై క్రెడిట్లు గాలికి పోయినట్టే, ఇంకో రెండేళ్ళు, దరఖాస్తులోనే పొరపాటని తేలితే మాత్రం ఒక్కటీ పోదట, అది తేల్చుకోడానికి ఇవాళే ఆఖరు రోజు.

కొత్తగా వచ్చిన అధికారిణి అసలు దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టింది, చూడండి పెద్దాయనా, పై గడి మొదటి కోరిక, మీరు రాసిందే ఇచ్చారు, పై గడిలో వాణిజ్యం, అట్టడుగున భూగర్భశాస్త్రం, పల్లె బడి పంతులు బెత్తంతో దిద్దించిన గుండ్రటి అక్షరాలు, తనవే, రెండేళ్ళ కిందట ఆసుపత్రి వరండాలో రాసినవి, లోపల భార్యకి ఎగశ్వాస, తల్లి చెయ్యి వదలకుండానే పిల్ల మంచం పక్కనుంచి చెప్పింది, మొదట భూగర్భశాస్త్రం నాన్నా, తర్వాత భౌతికం, ఆఖరికి వాణిజ్యం, గళ్ళకి అంకెల్లేవు, మూడు గళ్ళు ఒకదాని మీద ఒకటి, ఇటుకల్లా, నలభై ఏళ్ళుగా గోడలు కట్టిన ఆ చేతికి మొదటి వరసంటే కిందిదే, కింద మొదలెట్టి పైకి రాసుకుంటూ పోయాడు, కళ్ళు నిండిపోయి పిల్ల చూడకుండానే సంతకం పెట్టింది, తర్వాత తాను ఇదే ఆఫీసుకొచ్చి నీ చేతులు పడిపోనూ అని అరిచాడు, ఒక్కసారి కాగితం చూడు బాబూ అని ఆ ముసలి గుమాస్తా బతిమాలాడు, చూడలేదు.

ఇది నీ రాత కాదే అమ్మా, నింపినవాళ్ళెవరో పొరపాటైందని ఒక్క ముక్క రాసిస్తే చాలు, కమిటీలో పెడతాను, అంది అధికారిణి, కూతురు కాగితం చూసింది, సిమెంటు తిన్న తండ్రి వేళ్ళు చూసింది, ఆగింది, నేనే అని తాను అనాలి, రెండు అక్షరాలు, కానీ అంటే ఆ ముసలాయన్ని తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలి, భార్య పోయిన రోజున తాను చేసిన పని ఏమిటి, నాలుక లేవలేదు, నేనే నింపానండి, అంది కూతురు, అయితే ఇక మా చేతుల్లో లేదమ్మా, అంది అధికారిణి, పద నాన్నా, అంది పిల్ల.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు, పిల్ల కిటికీలోంచి చూస్తోంది, పిల్లకి తెలుసు, తనకి తెలుసని పిల్లకి తెలుసు, చదువు నాశనం చేసింది ఈ చెయ్యి, ఇవాళ మళ్ళీ చేసింది ఈ నోరు, ఇక ఆ గుమాస్తా ఊసెత్తడు, ఆ గళ్ళ ఊసెత్తడు, ఎవరడిగినా, కూతురే అడిగినా, ఎత్తడు.