అట్ట ఆయనది, ప్లేటు ఆవిడది

పన్నెండో బస్సు వెనక చక్రం దగ్గర వెర్నన్ గొంతుక్కూర్చుని బురద గీకుతున్నాడు. బస్సు ఒంటిని యంత్రం కడిగేస్తుంది. చక్రాల సందుల్లో మట్టి, సీట్ల కింద అంటించిన చూయింగ్ గమ్ మాత్రం దానికి పట్టవు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అవి వెర్నన్ వాటా. మనిషి పొడుగు, వంగి వంగి వీపు గూనిపడింది. సబ్బునీళ్ళలో నానిన వేళ్ళు మాత్రం చంటిపిల్లల వేళ్ళంత మెత్తన. హాలిఫాక్స్‌లో ఆయన పేరు తెలిసినవాళ్ళు పాతికమంది ఉంటే గొప్ప. ఆయన కడిగిన బస్సు ఎక్కనివాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు.

"ఏం గురూ, ఇవాళ చొక్కా ఇస్త్రీ చేసినట్టుందే! పెళ్ళిచూపులా?" అన్నాడు డ్రైవర్ ఇఫ్తికార్, బస్సెక్కుతూ.

"మేవిస్ ఇంటికొస్తోంది."

"మేవిసా! ఆ ప్లేటు మేవిసా?"

"ఆవిడే. ముందు నువ్వు బూట్లు దులుపుకుని ఎక్కు. ఇప్పుడే కడిగి చచ్చాను."

ఆ గ్రామఫోను ప్లేటు కథ డిపోలో తెలియనివాళ్ళు లేరు. నలభై ఒక్కేళ్ళ కిందట, చర్చిలో పాత సామాన్ల అమ్మకం. టిన్ బిషప్స్ అనే రాక్ బృందం మొదటి ఆల్బం, అదీ మొదటి అచ్చు, పింగాణీ టీకప్పుల పెట్టె కింద కనబడింది. ఒకేసారి రెండు చేతులు పడ్డాయి. ఒకటి వెర్నన్‌ది, రెండోది బడిలో వంట చేసే మేవిస్‌ది. ఇటు లాగు, అటు లాగు. ఆ గుంజులాటలో ప్లేటు జారి మేవిస్ చేతికొచ్చింది, అట్ట వెర్నన్ గుప్పిట్లో మిగిలింది. అంతే, ఇద్దరూ చెరో సగంతో ఇంటికి పోయారు. మళ్ళీ ఎవరూ మెట్టు దిగలేదు.

మెట్టు దిగకపోవడానికి కారణం లేకపోలేదు. మొదటి అచ్చులో ఒకవైపు పాటలన్నీ అయ్యాక డ్రమ్ములు వాయించే కుర్రాడు ఎందుకో పక్కున నవ్వుతాడు. తర్వాతి అచ్చుల్లో కంపెనీవాళ్ళు ఆ నవ్వు కోసేశారు. వెర్నన్ దగ్గర రెండో అచ్చు ఉంది. నవ్వు గురించి చదివాడు, విన్నవాళ్ళు చెప్పగా విన్నాడు, తన చెవులతో మాత్రం వినలేదు. ఎక్కడెక్కడి సేకర్తలో మాసిన రికార్డులు తెచ్చి ఆయన చేత కడిగించుకుంటారు. మేకవెంట్రుకల కుంచెతో, గాడి వెంట గాడి, తల్లి పిల్లకి తల దువ్వినట్టు కడుగుతాడు. అలా వందల ప్లేట్లు ఆయన చేతుల మీదుగా పోయాయి గానీ అది రాలేదు.

మేవిస్ తన ప్లేటు వినిపించదు. "అమ్ముతావా?" అని ప్రతి శనివారం సంతలో టీకొట్టు దగ్గర ఈయన అడుగుతాడు. "నువ్వు అమ్ముతావా?" అని ఆవిడ అంటుంది. ఆ తర్వాత గంటసేపు ఒకరినొకరు దులిపేసుకుని, పంది మాంసం కూరిన రొట్టె చెరిసగం తిని, ఎవరి దారిన వాళ్ళు పోతారు. వెర్నన్ పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక వారంలో ఆయన నిండుగా మాట్లాడేది ఆ ఒక్క గంటే.

ఇక ఆ గంట కూడా ఉండదు. మేవిస్ మోకాళ్ళు పాడయ్యాయి. విట్బీలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇవాళే మూడింటికి చెల్లెలి కొడుకు వ్యాన్ తెస్తాడు.

ఒంటిగంటకల్లా ఆవిడ వెర్నన్ ఇంటికి రొప్పుతూ వచ్చింది, చంకలో తెల్ల కాగితపు సంచి.

"నీ మెట్లు తగలెయ్య! మనుషులుండే ఇల్లేనా ఇది? పెట్టు, విని చావు."

వెర్నన్ ముందు తన రెండో అచ్చు వేశాడు. చివరి పాట నెమ్మదిగా సద్దుమణిగింది. నిశ్శబ్దం. అది తీసి పక్కన పెట్టి, మేవిస్ ప్లేటు అంచులు పట్టుకుని దించాడు.

చివరి పాట అయింది. అప్పుడు గదిలో ఓ పడుచు కుర్రాడు నవ్వాడు. ఎవరో చక్కిలిగింత పెట్టినట్టు, అరక్షణం, అంతే.

"ఇంతేనా?" అన్నాడు వెర్నన్.

"ఇంతే. ఏమనుకున్నావ్, బాకా ఊదుతాడనుకున్నావా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. మేవిస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. వెర్నన్ లేచి బీరువా తెరిచి, దుప్పట్ల మధ్య నుంచి అట్ట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"తీసుకుపో. నీకే."

మేవిస్ మొహం ఎర్రబడింది. "నాకెవరి దానధర్మాలూ అక్కర్లేదు!"

"దానం కాదులే. వినేశానుగా. రెండూ ఒకచోట ఉంటే బాగుంటుంది."

ఆవిడ అట్ట మూల నిమిరింది. "బాగానే ఉంటుంది. మరి వచ్చే శనివారం నుంచి మనం దేనికి పోట్లాడుకుంటాం?"

వెర్నన్, ఆవిడ దారిలో తినడానికి తను కట్టిపెట్టిన అల్లం కేకు తెస్తానని వంటింట్లోకి పోయి, కావలసినదానికంటే ఎక్కువసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి మేవిస్ అట్టలో ప్లేటు పెట్టేసి, సంచి చంకన పెట్టుకుని సిద్ధంగా ఉంది. కింద వ్యాన్ హారన్ కొట్టింది.

"రోజూ మందులు వేసుకో," అన్నాడాయన.

"నువ్వు ఆ కాలర్ మార్చుకో, చిరిగింది," అని, ఆయన చెయ్యి గట్టిగా ఒకసారి నొక్కి, ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ దిగిపోయింది.

వ్యాన్ మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాడు. గది పెద్దదైపోయినట్టనిపించింది. రెండు కప్పులు కడిగి బోర్లించాడు. ఏం తోచక గ్రామఫోను మూత ఎత్తితే ప్లేటు దాని మీదే ఉంది. తన రెండో అచ్చు పెట్టిపోయింది కాబోలు, అదే విందామని ముల్లు దించి కుర్చీలో కూలబడ్డాడు. చివరి పాట నెమ్మదిగా సద్దుమణిగింది.

కుర్రాడు పక్కున నవ్వాడు.

వెర్నన్ చటుక్కున లేచాడు. అరలో చూశాడు. రెండో అచ్చు అట్ట ఖాళీగా ఉంది. "ఓసి గయ్యాళీ!" అన్నాడు పైకే. ఆయనిచ్చిన అట్టలో ఆయన రెండో అచ్చు ప్లేటే పెట్టుకుని పోయింది మహాతల్లి! మళ్ళీ చెరో సగం. ఈసారి అట్ట ఆవిడది, ప్లేటు ఈయనది.

నవ్వుతూనే జేబులు తడుముకుని బస్సు పాసు బయటికి తీశాడు. ఉద్యోగులకి కంపెనీ ఊరికే ఇచ్చేది. ఇన్నేళ్ళలో ఊరి పొలిమేర దాటించింది లేదు. శనివారం విట్బీకి మొదటి బస్సు ఎన్నింటికో ఇఫ్తికార్‌ని అడగాలి. వెళ్ళగానే ఏమనాలో ఆలోచించక్కర్లేదు, "అమ్ముతావా?" అంటే చాలు.

మేవిస్ వదిలేసిపోయిన ప్లేటు చివరి గాడిలో ముల్లుతో ఇంకా అలా తిరుగుతూనే ఉంది.