చప్పుడు కాకుండా

సూట్‌కేసు బల్ల కింద ఉంది. దాని చక్రం ఒకటి ఆమె చెప్పుకు తగులుతోంది. కదిలితే కిర్రుమంటుందని తెలిసి ఆమె కాలు బిగబట్టి కూర్చుంది.

దాన్ని తెచ్చింది అన్నయ్య. బడిలో లెక్కలు చెబుతాడు. ఏ పనికైనా ముందే దారి గీసుకుని బయలుదేరే మనిషి. "మాట కుదిరితే అటునుంచి అటే బావగారి కారెక్కెయ్యొచ్చు. మళ్లీ వెనక్కి వచ్చి సర్దుకోవడం ఎందుకు, డబుల్ పని" అన్నాడు పొద్దున. చోటు కూడా అతడే చూశాడు. పెద్ద మాల్, రెండో అంతస్తు, చెప్పుల షాపు పక్కన చవకలో దొరికే జపాన్ నూడుల్స్ హోటలు. రామెన్ అంటారట. "నలుగురూ తిరిగే చోట పరువున్న మనిషి చెయ్యెత్తడమ్మా. పైగా మన పిచ్చుకకి నూడుల్స్ అంటే ప్రాణం" అని కూడా అన్నాడు.

పిచ్చుక ఆమె కూతురు. ఒకటో తరగతి. అమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని, కాళ్లు నేలకు అందకపోయినా ఊపకుండా చూసుకుంటోంది.

విరిగిన మణికట్టుకు కట్టుతో ఆమె అన్నయ్య ఇంటికి వచ్చి నెల దాటింది. కట్టు మొన్ననే విప్పారు. మొగుడు కొట్టాడని చెప్పింది కానీ ఎందుకు కొట్టాడో చెప్పలేదు. చెంచా కింద పడింది. అంతే. చెంచా పడితే చెయ్యి విరుస్తారా ఎవరైనా? అన్నయ్య నమ్మకపోతే ఒక బాధ, నమ్మితే ఇంకో బాధ. అందుకని మింగేసింది. అటు చూస్తే ఆయన రోజూ ఫోన్ చేసి మారిపోయానంటున్నాడు. ఇటు చూస్తే వదిన మంచిదే, కానీ ఉన్నవి రెండు గదులు. "ఒక్క అవకాశం ఇచ్చి చూద్దాం చిన్నమ్మా. కాపురం అన్నాక కాస్త అటూ ఇటూ ఉంటుంది" అన్నాడు అన్నయ్య. అతడి గొంతులో ఎక్కడా కపటం లేదు. అదే ఆమెకు భయం. కపటం లేని మనిషి తెచ్చిపెట్టే ఆపదకు అడ్డు ఉండదు.

వంటగది ఎదురుగానే తెరిచి ఉంది. నడుము చుట్టూ చేతులు తుడుచుకునే తువ్వాళ్లు దోపుకున్న లావుపాటి వంటామె గుండిగల ముందు నిలబడి, పొడుగాటి గరిటెతో మరిగే సూపు కలుపుతోంది. గుమ్మానికి వేలాడే పొట్టి తెర ఎవరైనా తొలగించగానే లోపలివాళ్లంతా ఒక్క గొంతుతో రండి రండని అరుస్తున్నారు. అరిచిన ప్రతిసారీ తల్లీ కూతుళ్లిద్దరూ ఒకేసారి ఉలిక్కిపడుతున్నారు.

ఈసారి అరుపుకు లోపలికి వచ్చింది ఆయన.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతికి స్టీలు వాచీ. "బావగారూ, బాగున్నారా? మీకు చాలా శ్రమ ఇచ్చాను" అంటూ అన్నయ్య చేతులు పట్టుకున్నాడు. అన్నయ్య అక్కడికక్కడే కరిగిపోయాడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మామూలు మెకానిక్ కాదు, పేరున్నవాడు. ఎంత పెద్ద భవనమైనా మోటారు గదిలోకి వెళ్లి, కళ్లు మూసుకుని, తలుపుకు చెవి ఆనించి కాసేపు వింటాడు. ఏ పుల్లీ అరిగిందో, ఏ తాడు సడలిందో చప్పుడును బట్టి చెప్పేస్తాడు. ఆయన లెక్కలో ఉండకూడని చోట చప్పుడు ఉందంటే అక్కడ తప్పు ఉంది. తప్పు ఉందంటే బిగించాలి. ఆ చెవిని ఆయన పని దగ్గర వదిలి రాడు, ఇంటికి తెచ్చుకుంటాడు. ఇంట్లో తలుపు చప్పుడు తప్పు, దగ్గు తప్పు, అన్నిటికన్నా తినేటప్పుడు వచ్చే చప్పుడు తప్పు. నమలడం, చప్పరించడం, గుటక వెయ్యడం, ఏదీ వినపడకూడదు. పిచ్చుకకు పళ్లు రాకముందే ఆ విద్య వచ్చింది.

బిగించే ముందు ఆయన ఒక పని చేస్తాడు. చేతి వాచీ విప్పి పక్కన పెడతాడు. అద్దం పగులుతుందని. ఆమె మణికట్టు విరిగింది కానీ ఇన్నేళ్లలో ఆ అద్దం మీద ఒక్క గీత పడలేదు.

"ఏమే, బాగున్నావా?" అన్నాడు ఆయన ఎదురుగా, అన్నయ్య పక్కన కూర్చుంటూ.

"ఆఁ, బాగున్నానండీ."

"చెయ్యి?"

"తగ్గిందండీ."

"జాగ్రత్తగా నడవాలి మరి. జారిపడ్డ చెయ్యి మళ్లీ మళ్లీ జారుతుంది." అన్నయ్య వైపు తిరిగి నవ్వాడు. "బాత్రూములో జారింది బావగారూ, చెప్పే ఉంటుంది."

అన్నయ్య ఆమె వైపు చూశాడు. ఆమె బల్ల వైపు చూసింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "జరిగిందేదో జరిగిపోయింది. చదువుకున్నవాళ్లం. ఇకమీదట ఎలా ఉండాలో మాట్లాడుకుందాం."

వడ్డించే పొట్టాయన గిన్నెలు తెచ్చి పెట్టాడు. నల్లటి మందపాటి పింగాణీ గిన్నెలు, ఒక్కొక్కటీ పిచ్చుక తలకాయంత ఉన్నాయి. ఆవిరి ముఖాన కొడుతోంది. పొట్టాయన వెళ్లబోతూ ఆగాడు.

"ఏంటి పాపా, అలా చూస్తున్నావ్? జుర్రుకో! ఇక్కడ చప్పుడు రాకుండా తింటే మా వంటామె అలుగుతుంది. బాలేదేమో, ఇంట్లో తిట్టుకుంటూ తింటున్నారేమో అనుకుంటుంది. ఎంత గట్టిగా జుర్రితే అంత మర్యాద."

పిచ్చుక నాన్న ముఖం వంక చూసింది.

"మా ఇంటి పద్ధతి వేరులెండి" అన్నాడు ఆయన చిరునవ్వుతో.

"ఇంట్లో మీ పద్ధతే సార్. ఇక్కడ మాత్రం ఆవిడదే" అంటూ పొట్టాయన గరిటె పట్టిన వంటామెను చూపించి వెళ్లిపోయాడు. అన్నయ్య పగలబడి నవ్వాడు.

అప్పటిదాకా ఆమె గమనించలేదు. హోటలంతా జుర్రుతోంది. పక్క బల్ల దగ్గర కాలేజీ కుర్రాళ్లు పందెం వేసినట్టు జుర్రుతున్నారు. వెనక ఒక ముసలాయన వాన నీళ్లు తూములో దిగుతున్నట్టు లాగుతున్నాడు. ఎదురుగా కూర్చున్న ఆయన మాత్రం నూడుల్స్‌ను చెంచాలో చుట్టుకుని, పెదాలు మూసి, అద్దంలో బొమ్మలా తింటున్నాడు. దవడ దగ్గర నరం ఒకటి కొట్టుకుంటోంది. కుర్రాళ్లు జుర్రితే ఒకసారి, ముసలాయన జుర్రితే ఒకసారి. ఆ నరం ఆమెకు బాగా తెలుసు. ఊళ్లోవాళ్ల చప్పుళ్లన్నీ మూటగట్టుకుని ఆయన కారెక్కుతాడు. ఇంటికి వెళ్లి తలుపేశాక ఆ మూట ఎవరి ముందు విప్పుతాడో కూడా తెలుసు.

బల్ల కింద ఆయన చెయ్యి ఆమె చేతిని వెతుక్కుంటూ వచ్చింది. కొత్తగా అతుక్కున్న ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది. పైన ముఖం నవ్వుతూనే ఉంది.

"రాత్రికి ఇంట్లో ఉంటారుగా?" అన్నాడు అన్నయ్యతో. "వీళ్లు చేరారని ఫోన్ చేయిస్తాను."

ఆమె కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అరవకుండా ఉండటం ఆమెకు కష్టం కాదు, అరవడమే రాదు.

"చాలా సంతోషం బావగారూ!" అన్నాడు అన్నయ్య. గుండె మీద బరువు దిగిందేమో, గిన్నె దగ్గరికి లాక్కుని నూడుల్స్ ఒక్క గుక్కలో జుర్రాడు. "అబ్బ, ఏం రుచి! చూశావా పిచ్చుకా, ఇలా! నువ్వూ లాగు, చూద్దాం. మావయ్యని గెలుస్తావా?"

పిల్ల ముఖంలో ఒక మెరుపు మెరిసింది. ఆరేళ్ల పిల్ల. మావయ్య ఉన్నాడు, హోటలంతా జుర్రుతోంది, గరిటె పట్టుకున్న వంటామె అటునుంచి నవ్వుతోంది. నోట్లో నూడుల్ పోగు పెట్టుకుని కళ్లు మూసుకుని లాగింది.

సుర్రుమని పెద్ద చప్పుడు వచ్చింది. పోగు చివర తోకలా కొట్టుకుంది. సూపు చుక్క ఒకటి ఎగిరి తెల్లచొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర పడింది.

ఆయన చొక్కా చూసుకున్నాడు. నెమ్మదిగా వాచీ పట్టీ విప్పి, నీళ్ల గ్లాసు పక్కన, తడి లేని చోటు చూసి పెట్టాడు. ఆ చెయ్యి మళ్లీ బల్ల కింద ఆమె మణికట్టు మీదికి వచ్చింది.

"మంచిపని చేశారు, సూపు పడితే పాడైపోతుంది" అన్నాడు అన్నయ్య.

పిచ్చుక బెంచీ మీద లేదు. చప్పుడు కాకుండా బల్ల కిందికి జారిపోయింది. సూట్‌కేసు చక్రం కిర్రుమంది. అన్నయ్య వంగి చూశాడు. "ఏమైందే? పైకి రా, గెలిచావుగా!"

కిందనుంచి గుసగుసగా వచ్చింది గొంతు. "నాన్న వాచీ తీశాడు మావయ్యా. అమ్మని కూడా దాక్కోమను."

అన్నయ్య చాలాసేపు వంగే ఉన్నాడు. అక్కడినుంచి అతడికి ఇంకొకటి కనపడి ఉండాలి: ఆమె మణికట్టు, దాని మీద తెల్లబడేంతగా బిగిసిన బొటనవేలు. పైకి లేచేసరికి అతడి ముఖంలో రక్తం లేదు. ఎన్ని లెక్కలు దిద్దిన మనిషో, ఈ లెక్క ఇప్పుడు సరిపోయింది.

"బావగారూ" అన్నాడు. "వాచీ పెట్టుకోండి."

"ఏంటి?"

"వాచీ చేతికి పెట్టుకోండి ముందు. తర్వాత మాట్లాడుకుందాం."

"మా ఇంటి విషయం..."

"మా చెల్లెలి చెయ్యి వదిలి వాచీ పెట్టుకో!"

అన్నయ్య నోట బావగారి మీద ఏకవచనం వినడం ఆమెకు అదే మొదలు. ఆయనకూ అదే మొదలు కాబోలు. లేచాడు. పిడికిలి అన్నయ్య నోటి మీద దిగింది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినపడింది. అన్నయ్య బెంచీతో సహా వెనక్కి పడ్డాడు. పడ్డవాడి పక్కటెముకల్లో బూటు కాలు ఒకసారి, మళ్లీ ఒకసారి. పక్క బల్ల కుర్రాళ్లు నోట్లో నూడుల్స్ వేలాడుతుండగా కొయ్యబారిపోయారు. ముసలాయన గిన్నె దించాడు. హోటల్లో జుర్రడం ఆగిపోయింది. ఆయనకు కావలసిన నిశ్శబ్దం ఇదే.

"చూశావా, ఇదంతా ఎవరి వల్ల?" అన్నాడు ఆమెతో, ప్రశాంతంగా. వంగి, బల్ల కిందికి చెయ్యి చాచి, పిల్ల కాలు పట్టుకుని ఈడ్చాడు. పిచ్చుక అరవలేదు. రెండు చేతులతో సూట్‌కేసును పట్టుకుంది. పిల్లా సూట్‌కేసూ కలిసి నేల మీద రాసుకుంటూ వచ్చాయి. ఆయన రెండో చెయ్యి పైకి లేచింది.

ఏడుస్తున్నా చప్పుడు చెయ్యని ఆ పిల్ల ముఖాన్ని ఆమె చూసింది.

తర్వాత అందరూ అడిగారు, ఎలా చేశావమ్మా అని. ఆమెకు జవాబు తెలియదు. తన గిన్నె రెండు చేతులా ఎత్తింది. మరిగే సూపు ముంజేతుల మీదుగా కారి చర్మం ఉడికిపోయింది. అయినా వదల్లేదు. పిల్ల కాలు పైకి గుంజి పట్టుకుని బల్ల అంచున ఆనిన ఆ చెయ్యి మీదికి, వాచీ లేని ఆ మణికట్టు మీదికి గిన్నెను దించింది. పటుక్కుమంది. పింగాణీ పగిలిందనుకుంది. గిన్నె పగల్లేదు. మళ్లీ ఎత్తి మళ్లీ దించింది. ఈసారి గిన్నె, ఎముక రెండూ పగిలాయి.

ఆయన అరిచాడు. పెళ్లయ్యాక ఆయన గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి.

మూడోసారి పగిలిన ముక్కను ఎత్తింది. ముక్క మొనదేలి ఉంది. ఆయన మెడ దగ్గరగా ఉంది. అది ఆమె చూసింది, ఆయనా చూశాడు. పొడుగాటి గరిటె ఒకటి మధ్యలోకి వచ్చింది. "చాలమ్మా" అంది వంటామె. "చాలు. నీ పిల్ల చూస్తోంది." అదే గరిటె తిప్పి ఆయన ఛాతీకి ఆనించి గోడకు నొక్కింది. "నువ్వు కదిలావంటే గుండిగలో సూపంతా నీ నెత్తిన పోస్తాను."

గార్డులు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన వేలాడే చెయ్యి చూపించి, "ఇది పిచ్చిది! అందరూ చూశారు! ఇదే కొట్టింది!" అని కేకలు పెట్టాడు. అందరూ నిజంగానే చూశారు. కానీ ఎవరి నోరూ పెగల్లేదు. నోటి నిండా రక్తంతో అన్నయ్య బెంచీ పట్టుకుని లేచాడు.

"నేను దాని అన్నని. మొదటినుంచీ చూశాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను" అన్నాడు. చెప్పి, ఊడిన పన్ను ఒకటి అరచేతిలోకి ఉమ్మి, ఏం చెయ్యాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

ఆయనను తీసుకువెళ్లారు. పొట్టాయన ఆమె చేతుల మీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉన్నాడు. బొబ్బలు లేస్తున్నాయి. వంటామె కొత్త గిన్నె ఒకటి తెచ్చి పిచ్చుక ముందు పెట్టింది. పిల్ల దాన్ని చూసింది, నీళ్ల గ్లాసు పక్కన మిగిలిపోయిన వాచీని చూసింది. వేలి కొనతో వాచీని నెట్టుకుంటూ, నెట్టుకుంటూ వెళ్లి నాన్న వదిలేసిన సూపులో పడేసింది. బుడుంగుమంది.

"పాపకి సూపులో ముక్కలంటే ఇష్టమనుకుంటా" అన్నాడు పొట్టాయన. ఎవరూ నవ్వలేదు. అయినా ఎవరో ఊపిరి వదిలారు.

గార్డు మళ్లీ వచ్చాడు. "అమ్మా, పోలీసులొచ్చారు. కింద ఆఫీసు గదికి రావాలి."

పిచ్చుక నోట్లో పోగు పెట్టుకుని, లాగకుండా, అమ్మ వైపు చూస్తోంది. అన్నయ్య అప్పటికే సూట్‌కేసు పిడి పట్టుకుని నిలబడ్డాడు. "మన ఇంటికే చిన్నమ్మా" అన్నాడు వాచిన నోటితో. "రెండు గదులు చాలకపోతే నేను వరండాలో పడుకుంటా."

ఆమె మండుతున్న చేత్తోనే కూతురి గిన్నెలోంచి ఒక పోగు తీసుకుంది. జుర్రడం ఆమెకు రాదు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి హోటలంతా వినపడింది.

"పిల్ల తింటోంది" అంది గార్డుతో, గట్టిగా. "తినేసి వస్తాం."