వదులు చేసిన స్క్రూ

పటకారు కొనకు చిక్కిన స్ఫటికాన్ని ఊపిరి బిగబట్టి రెండు పలకల మధ్యకు దించాడు కొలతలాయన. ఇనుము, సెలీనియం కలిపి పెంచిన ముక్క, చేప పొలుసంత మందం కూడా ఉండదు. ఎవరైనా తుమ్మితే ఎగిరిపోతుంది. అందుకే జలుబు చేసినవాళ్లను ఆ గది గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

అక్క పెళ్లయిన కొత్తలో బావ వెంట ఈ పరిశోధనశాలకు వచ్చాడు. బావ మెట్టు మీద మెట్టెక్కి డైరెక్టరయ్యాడు. ఈయన పెళ్లీ చేసుకోలేదు, ప్రమోషనూ అడగలేదు. ఆ గదిలోనే జుట్టు నెరిసింది.

ఫోన్ మోగింది. అక్క.

"ఇవాళ మీటింగుందటగా. బావ ఏమన్నా మనసులో పెట్టుకోకురా."

"ఏమంటాడేంటి?"

"ఏమో, అంటే అన్నాడు. రాత్రికి భోజనానికి వచ్చెయ్."

వాన రాకముందే గొడుగు విప్పడం అక్కకు అలవాటేనని నవ్వుకున్నాడు.

ఆయన జీవితంలో చెప్పుకోదగ్గది ఒక్కటే జరిగింది. ఆ స్ఫటికంలో ఇనుప పరమాణువులు చదరంగా పేర్చినట్టుంటాయి. నిలువుకూ అడ్డానికీ తేడా లేదు, కరెంటు ఎటు పంపినా ఒకేలా పోవాలి. బాగా చల్లబరిస్తే మాత్రం ఎలక్ట్రాన్లు ఉన్నట్టుండి ఒక దిక్కుకు మొగ్గుతాయి. ముక్కలో కొంత నిలువుకు, కొంత అడ్డానికి మొగ్గితే రెండూ చెల్లుకుపోయి ఏమీ తెలియదు. అందుకని పక్కనుంచి స్క్రూతో కాస్త నొక్కి అంతటినీ ఒకే దారికి తెస్తారు. కానీ ఏళ్ల కిందట ఒక రోజు, స్క్రూ పూర్తిగా వదులు చేశాక, అంత చల్లబడకముందే ఆ మొగ్గు కనిపించింది. "ఎవరూ నొక్కక్కర్లేదు, దానంతట అదే ఎంచుకుంటోంది" అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. పాలు పోసేవాడికి కూడా చెప్పాడు. బావ పేరూ తన పేరూ కలిపి అది సైన్సు పత్రికలో అచ్చయింది.

ఆ తర్వాత మరే దేశంలో, ఎవరు కొలిచినా ఆ మొగ్గు దొరకలేదు. మళ్లీ ఆయనకూ దొరకలేదు. ఇవాళైనా కనబడుతుందేమోనని ముక్క మార్చి చూస్తూనే ఉన్నాడు.

మీటింగులో బావ లేచి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. "స్క్రూ వదులు చెయ్యడం మావాడు మరిచిపోయాడు. మానవమాత్రుడు. ఏం చేస్తాం."

ముందు వరసల్లోని తలలన్నీ వెనక్కి తిరిగాయి. కొలతలాయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఆ స్క్రూ తిరిగిన తిరుగుడు ఆ వేలికి ఇంకా గుర్తుంది.

వరండాలో బావను ఆపాడు.

"నేను వదులు చేశాను బావా."

"చేశావు." బావ గోడకేసి చూశాడు. "నువ్వు టీకెళ్లావు. ముక్క జారిపోయేట్టుంటే నేనే స్క్రూ కాస్త బిగించాను. చెబుదామనే అనుకున్నా. నువ్వొచ్చి గ్రాఫులో గీత చూసి చిన్నపిల్లాడిలా గంతులేశావు."

"మరి ఇన్నేళ్లూ?"

"ఇప్పుడు నా పేరు పోతే ల్యాబే మూసేస్తారురా. నీకేం పోతుంది? మీ అక్క కూడా అదే అంది."

"ఏమంది?"

"వాడు ఓర్చుకుంటాడులే అంది."

బావ అబద్ధం వినీ నిలబడ్డవాడు ఆ మాటకు వెనుదిరిగాడు. పొద్దున అక్క విప్పిన గొడుగు తన కోసం కాదు, బావ కోసం.

గదికి వచ్చి స్ఫటికాన్ని డబ్బాలో భద్రం చేశాడు. చల్లబరిచే యంత్రం పంపు ఆపాడు, దాని రొద సన్నగిల్లి అణిగేదాకా నిలబడ్డాడు. తాళాలు తీసుకెళ్లి బావ బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడికి?"

"ఇంటికి. ఇంక రాను."

"రాత్రికి మీ అక్క ఎదురుచూస్తుందిరా."

"ఓర్చుకుంటుందిలే," అని తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ గదికి తాళం వెయ్యడానికి బావే వచ్చాడు. బామ్మర్ది ల్యాబు చెప్పులతోనే వీధిలోకి వెళ్లిపోయాడని అప్పుడు తెలిసింది. గుమ్మం పక్కన అరలో ఆయన బూట్లున్నాయి, మడమలు ఒకవైపు అరిగి, ఒకదానికి నల్ల లేసు, ఒకదానికి గోధుమరంగు లేసు, ముడులు వేసినవి వేసినట్టే.