పట్టికలో చివరి వరుస

నారిన్ నది ఒడ్డున మా ఊళ్ళో ఒంటరిగా బతికేవాళ్ళ పేర్లన్నీ పంచాయతీ ఆఫీసు కంప్యూటర్లో ఒక పట్టికలో ఉంటాయి, మనిషికో వరుస చొప్పున. ప్రతి సోమవారం తొమ్మిదింటికి అక్కడ పనిచేసే సపర్‌బెక్ తను రాసిన ప్రోగ్రామ్ నడుపుతాడు. అది ఒక పేరు చదివి, కింది వరుసకి దిగి, ఆ పేరు చదివి, అలా పోతుంది. ఎవరి పేరు చదివితే ఆ వారం వాళ్ళ తలుపు ఎవరో ఒకరు తడతారు. గొర్రె తప్పిపోయినవాడో, దారి తప్పిన మేనల్లుడో. అందుకే సోమవారాలు ఊరంతా రొట్టెల వాసన.

ఒక సోమవారం తొమ్మిది కాకముందే సాయ్‌కల్ అవ్వ ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, నామీద నీకేం కోపం? మా ఆయన పోయి ఏడాదైంది. నలభయ్యో రోజు కర్మ అయ్యాక ఒక్క పురుగు కూడా గడప తొక్కలేదు. ఈ వారమూ ఇంతే అయితే వృద్ధాశ్రమానికి పోతా. ఆవుని బేరం కూడా పెట్టేశా."

సపర్‌బెక్ పట్టిక తీశాడు. అవ్వది చివరి వరుస. చదువు, కిందికి దిగు, అది చివరి వరుసైతే ఆగు అని రాశాడు తను. ప్రోగ్రామ్ చివరి పేరు దాకా వెళ్ళి, చదవకుండానే ఆగిపోతోంది. పదేళ్ళుగా ఇదే తప్పు! కొత్తగా ఒంటరైనవాళ్ళింటికి నలభయ్యో రోజుదాకా జనం ఎలాగూ వస్తారు, ఆ తర్వాత పేరు ఎక్కిన కొద్ది వారాలకే కింద ఇంకో పేరు చేరేది, ఎవరికీ తెలియలేదు. అవ్వ తరవాతే ఏడాదిగా ఎవరూ చేరలేదు.

దిద్దుదామంటే అసలు కోడ్ పాత డిస్కుతోపాటే పోయింది. నడిచే ప్రోగ్రామ్ ఒక్కటే మిగిలింది, దాన్ని విప్పి మార్చలేడు. ఈ వృత్తిలో ఇది మామూలే.

"ఏదో దొంగ పేరు కింద తగిలించు సపరన్నా," అంది పక్క బల్ల నుర్జమాల్.

"గుర్తింపు కార్డు నంబరు లేకపోతే తీసుకోదు."

జేబులోంచి తన కార్డు తీసి, అవ్వ కింద తన పేరు ఎక్కించాడు. అతనూ ఒంటరే. సిగ్గేసి ఇన్నాళ్ళూ తన పేరు ఎక్కించుకోలేదు.

మంగళవారం అవ్వ ఇంటిముందు లారీ చెడిపోయింది. డ్రైవరు మూడు రోజులు అవ్వ ఇంట్లోనే ఉన్నాడు. ఆవు బేరం రద్దయింది.

చలికాలం తోక్తోసున్ మాస్టారి భార్య పోయింది. నలభయ్యో రోజు దాటాక నుర్జమాల్ ఆయన పేరు పట్టికలో ఎక్కించమనే కాగితం తెచ్చింది.

"నీ కింద ఇంకొకరొచ్చారు. ఇక నీకూ చుట్టాలే! ఇల్లు ఊడ్చుకో."

నిజంగానే ఊడ్చాడు. ఆదివారం మాంసం కొన్నాడు. సోమవారం పొద్దున బల్లమీద రెండు గిన్నెలు పెట్టి ఆఫీసుకెళ్ళాడు. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా మాస్టారి పేరు ఎక్కించాడు. తన పేరు కింద ఆ పేరు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన వరుస చెరిపేసి, మాస్టారి కింద మళ్ళీ రాసుకున్నాడు.

"పిచ్చా నీకు?" అంది నుర్జమాల్.

"మాస్టారికిది కొత్త. నాకు అలవాటే కదా."

సాయంత్రం ఇంటికొచ్చేదారిలో మాస్టారి కిటికీలోంచి నవ్వులు వినిపించాయి. సపర్‌బెక్ ఇంటికెళ్ళి, ఒక గిన్నె తీసి లోపల పెట్టేశాడు.