అబూ సాహిర్ ముట్టని కాఫీ

శాంతి చర్చలు మొదలై నాలుగేళ్లయింది. నఫ్తాలీ ఇజ్రాయెల్ తరఫున నీళ్ల పంపకాలు మాట్లాడే బృందంలో ఇంజనీరు. పాలస్తీనా వాళ్లతో ఎన్నిసార్లు కూర్చున్నాడో అతనికే లెక్క లేదు. వాళ్ల బావులు ఎంతెంత లోతో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇక వాళ్ల గురించి తనకు తెలియంది ఏముందిలే అనుకునేవాడు, పాపం.

ఆ శుక్రవారం పొద్దున్నే బెత్లెహేం పక్క పల్లె పెద్ద అబూ సాహిర్, జెరూసలేంలోని నఫ్తాలీ ఇంటికే వచ్చాడు. ఊరి బావి అడుగంటింది. ఇంకో పాతిక మీటర్లు తవ్వుకోకపోతే ఈ ఎండలకు సగం వంకాయ తోటలు పోతాయి. తవ్వాలంటే నఫ్తాలీ ఆఫీసు సంతకం కావాలి. ఆ ఫైలేమో పదిహేను నెలలుగా బల్లల మీద షికార్లు కొడుతోంది.

నఫ్తాలీ యాలకులు వేసి నల్ల కాఫీ పెట్టి ఇచ్చాడు. పెద్దాయన కప్పు అందుకుని, ఎదురుగా బల్ల మీద పెట్టి, బావి సంగతి చెప్పాడు. ఫైలు పరిశీలనలో ఉందన్నాడు నఫ్తాలీ. పెద్దాయన తలూపాడు. కప్పు మాత్రం ముట్టలేదు.

తీపి పడదేమోనని నఫ్తాలీ చక్కెర లేకుండా ఇంకోటి పెట్టాడు. అదీ మొదటిదాని పక్కకే చేరింది. ఉపవాసమా అంటే ఇది రంజాన్ నెల కాదు. అనుమానమా? అలాంటి మనిషైతే ఇంతదూరం ఎందుకొస్తాడు? బావి మాట మరిచిపోయి ఈ కాఫీ గుట్టు తెలుసుకోవాలనే యావ పట్టుకుంది అతనికి. మూడోసారి యాలకులు కూడా మానేసి పెట్టాడు. మూడూ వరసగా చల్లారుతున్నాయి.

లోపలి గదిలోంచి అతని తల్లి నయీమా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. బాగ్దాదు యూదుల ఇంట్లో, అరబ్బుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. బల్ల కేసి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం అడిగాడురా ఈయన?"

"బావి తవ్వుకోవడానికి అనుమతమ్మా."

"నువ్వేమన్నావు?"

"పరిశీలనలో ఉందన్నాను."

"మరి కాఫీ ఎలా తాగుతాడురా? అరబ్బుల్లో అడగడానికి వచ్చినవాడు, ఇంటివాడు సరే అనేదాకా కప్పు ముట్టడు. నీకు అరబీ నేర్పాననుకున్నాను. మాటలే నేర్పినట్టున్నాను."

నఫ్తాలీకి తల తీసేసినట్టయింది. ఇన్నాళ్ల సమావేశాల్లో పాలస్తీనా వాళ్ల ముందు ఎన్ని కప్పులు నిండుగా ఉండిపోయాయో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. టీ అలవాటున్న వాళ్లు కాబోలనుకున్నాడు తను.

"సంతకం నాది కాదు, మా పెద్దాఫీసరుది," అన్నాడు అబూ సాహిర్‌తో. అబద్ధం కాదు. అయినా ఆ మాట అంటుంటే సిగ్గేసింది.

పెద్దాయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. "నీ మీద కోపం లేదు బాబూ. మొదటిది మంచి కాఫీ, వాసనే చెప్పింది. తాగడానికి ఇంకోసారి వస్తాను." నయీమా వైపు తిరిగి, "వెళ్లొస్తా చెల్లెమ్మా," అన్నాడు.

ఆవిడ తలుపు దాకా సాగనంపింది. తిరిగొచ్చి, కప్పులు తియ్యబోతున్న కొడుకు చెయ్యి పట్టుకుంది. "మా నాన్న ఇంట్లో ఒక్క కప్పు కూడా ఇలా చల్లారలేదు. ఉండనీ, కళ్లకు కనబడనీ," అంది. యూదుల సెలవు రోజైన శనివారమంతా ఆ మూడూ బల్ల మీదే ఉన్నాయి. నఫ్తాలీ వాటి ముందే అన్నం తిన్నాడు, తిన్నట్టే లేదు.

వారం మొదలయ్యే ఆదివారం ఆఫీసు తెరవగానే పాత బల్ల అడుగునుంచి ఫైలు వెతికి తీసి, దుమ్ము దులిపి, పెద్దాఫీసరు గదిలోకి వెళ్లాడు. ఫైలు ఆయన ముందు పెట్టి, పల్లె పేరు చెప్పి, కూర్చున్నాడు. చూద్దాంలే, వచ్చే సమావేశంలో మాట్లాడదాం అన్నాడు ఆయన. ఇంతలో కాఫీ వచ్చింది. నఫ్తాలీ కప్పు అందుకుని బల్ల మీద పెట్టేశాడు.

పెద్దాఫీసరు తన కాఫీ తాగేశాడు. గడియారం చూసుకున్నాడు. నఫ్తాలీ లేవలేదు. ఆయన కళ్లు నిండుగా ఉన్న కప్పు మీదికి, అక్కణ్ణుంచి నఫ్తాలీ మొహం మీదికి వెళ్లాయి.

"ఏమయ్యా, చక్కెర తక్కువైందా?"

"లేదు సార్. కాఫీ బాగానే ఉంది," అన్నాడు నఫ్తాలీ. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.