ఊడ్చేసిన మాటలు

షాపు మూసే ముందు సెలూన్ పెద్దాయన నేల ఊడుస్తాడు. కత్తిరించిన జుట్టుతో పాటు ఆ రోజు రాలిన మాటలు కూడా చేటలోకి ఎక్కుతాయి. తెలియని భాషలో ఎవరేమన్నా, ఆ మాటలు వినేవాళ్ళ కాళ్ళ దగ్గర రాలిపడటం ఆ వీధిలో మామూలే. అక్కరున్నవాళ్ళు ఏరి, తుడిచి, బుగ్గన పెట్టుకుంటారు. కరిగాక ఆ మాట వాళ్ళదైపోతుంది.

పెద్దాయనకు ఆ అక్కర ఏనాడూ కలగలేదు. "నేలమీదవి ఏరుకు తినే ఖర్మ నాకేంటి? కావాలంటే వాళ్ళే మన భాష నేర్చుకుంటారు," అనేవాడు. మీసం ఉంచమని పరాయి భాషలో బతిమాలినవాడి మీసం గీకేసి, అదో ఘనకార్యంలా నలుగురికీ చెప్పుకునేవాడు. ఒక్క భాషతో బతుకంతా నెట్టుకొచ్చానని ఒకటే మురిసిపోయేవాడు. తీరా ఆ ఒక్క భాషలోనూ ఆయన మాట్లాడేది తన గురించే.

కోడలిది వేరే భాష. ఆమె కాపురానికొచ్చిన కొత్తల్లోనే అత్తగారు వంటగదిలో రాలినవన్నీ ఏరుకుని బుగ్గన పెట్టేసుకుంది. మనవరాలికి ముందు వచ్చింది తల్లి భాషే. అయితే పిల్లది దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. తాత మాటలు రాలినవి రాలినట్టే తినేసి, ఆయనేమన్నా అర్థం చేసుకునేది.

రోజూ నానమ్మ వెంట షాపుకొచ్చి, తాత చొక్కా పట్టుకుని, ఒకటే మాట పదేపదే అనేది. అది ఆయన చెప్పుల మీద టపటపా రాలేది.

"దీని చెత్త ఊడవలేక చస్తున్నాను," అన్నాడాయన ఒకరోజు, గడ్డం గీయించుకుంటున్నవాడితో.

పిల్ల చొక్కా వదిలేసింది. మర్నాటి నుంచి షాపుకు రాలేదు. ఇంట్లోనూ ఆయన దగ్గర నోరు విప్పలేదు.

మొదట పీడా వదిలిందనుకున్నాడు. వారం తిరిగేసరికి శుభ్రంగా ఉన్న నేల చూస్తే ఆయనకు దిగులు పట్టుకుంది.

"అస్తమానం ఏమనేదే అది?" అని భార్యను అడిగాడు.

"ఊడ్చింది మీరు. వెతుక్కోండి," అందావిడ, ఉల్లిపాయలు తరగడం ఆపకుండా.

ఊడ్చి షాపు పక్క కాలవలో పోసినవన్నీ ఎప్పుడో కొట్టుకుపోయాయి. చీపురు విదిలిస్తే పుల్లల మధ్య ఇరుక్కున్నది ఒక్కటి దొరికింది. ఎవరి జుట్టో దానికి చుట్టుకుని ఉంది. వీధిలో ఎవరూ చూడట్లేదని తేల్చుకుని బుగ్గన పెట్టుకున్నాడు ఆ మహానుభావుడు. వెంట్రుక గొంతుకడ్డం పడి దగ్గొచ్చింది. మాట మెల్లగా కరిగింది.

తాతయ్య. అంతే. పిల్ల తనను పిలిచిన పిలుపునే ఇన్నాళ్ళూ ఊడ్చి కాలవలో పోశాడు.

షాపు అలాగే వదిలేసి ఇంటికెళ్ళాడు. గుమ్మంలో ఆడుకుంటున్న పిల్ల ముందు నిలబడి, ఇంకేమీ రాక, ఆ మాటే అన్నాడు. ఒకటికి నాలుగుసార్లు అన్నాడు.

"అది నువ్వు. మరి నేను?" అంది పిల్ల, ఆయన భాషలోనే.

పిల్లే జవాబుగా తన భాషలో ఇంకో మాట అంది. అది రాలి, దొర్లుకుంటూ తలుపు మూలకు పోయింది. పెద్దాయన మోకాళ్ళు వంచి వెతకడం మొదలుపెట్టాడు.