బసవపున్నయ్యగారి ఎడమవైపు

ఇరవై రెండేళ్ళు తన కారు నడిపినవాణ్ణి పిలిచి, "ఇక నేనే నడుపుకుంటాను, ఏ కారైతే నాకు బాగుంటుందో నువ్వు చూసి చెప్పు" అని అడిగే మనిషి ఉంటాడా? మా బసవపున్నయ్యగారు అడిగారు. పైగా నవ్వుతూ అడిగారు. నా గొయ్యి నన్నే తవ్వమని, లోతు సరిపోయిందో లేదో కూడా నన్నే చెప్పమన్నారు.

నా పేరు అలీ. ఇల్లు కొండపల్లిలో. రోజూ పొద్దున్నే బస్సెక్కి పటమట వచ్చి, ఆయన పాత డీజిల్ కారు తుడిచి, ఆయన ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్ళడం నా పని. ఎరువుల వ్యాపారం కొడుకు సాయిగణేష్‌కి అప్పగించాక పెద్దాయనకి కొత్త కోరిక పుట్టింది. ఇన్నాళ్ళూ వెనక సీట్లో కూర్చున్నాను, ఇక స్టీరింగు నేనే పట్టుకుంటానన్నారు. అదీ మామూలు కారు కాదు. టర్బో ఇంజన్ ఉన్న పెట్రోలు సెడాన్. దాని మోతకి పక్క వీధి కుక్కలు కూడా లేవాలి.

సాయిగణేష్ మాత్రం ఎలక్ట్రిక్ కారే కొనాలంటాడు. ఇంట్లోనే ప్లగ్గు పెట్టుకోవచ్చు, చుట్టూ కెమెరాలుంటాయి, నాన్న ఎక్కడున్నాడో ఫోన్లో కనపడుతుంది అని అతని వాదన.

"బొమ్మ కారెందుకురా నాకు? అలీవాళ్ళ కొండపల్లిలో అంతకన్నా మంచివి చేస్తారు" అని పెద్దాయన ఎగతాళి.

మూడు వారాలు అన్నం దగ్గర ఇదే గొడవ. లీటరుకి ఎంత దూరం వస్తుంది, ఒక చార్జింగుకి ఎంత దూరం పోతుంది, వరద నీళ్ళలో ఏది నిలుస్తుంది, ఆరేళ్ళ తర్వాత అమ్మితే ఏది పలుకుతుంది. అన్నీ తూచారు. నడిపే మనిషిని మాత్రం ఎవరూ తూచలేదు. నా కోపమంతా అక్కడే. ఎందుకంటే ఆయన ఎడమ కన్ను సరిగా కనపడదని నాకు తెలుసు.

ఏడాదిగా చూస్తున్నాను. ఎడమ తలుపులోంచి దిగేటప్పుడు తల తగిలించుకుంటారు. మొన్న కంకిపాడులో పెళ్ళికి వెళితే, ఎడమపక్క నిలబడి నమస్కారం పెట్టిన సొంత వియ్యంకుణ్ణి పలకరించకుండా వెళ్ళిపోయారు. ముసలాయనకి పొగరెక్కిందని పందిరంతా చెప్పుకున్నారు. పొగరు కాదని ఆ పందిట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

కళ్ళ డాక్టరుకి చూపించుకోండి సార్ అని ఒకసారి అన్నాను. అద్దాలు మార్చాలిలే అన్నారు. రెండోసారి అంటే ముందున్న అద్దంలో నా మొహం చూసి, "నీ భయం నాకు తెలుసులే అలీ. నిన్నేం రోడ్డున పడెయ్యను. ఎరువుల కొట్లో ఏదో ఒక పని చూపిస్తా" అన్నారు.

ఇక నోరెలా తెరవను? కన్ను సంగతి చెబితే ఉద్యోగం కోసం చెప్పినట్టు. చెప్పకపోతే రేపు ఎవరో ఒకరు ఆయన ఎడమ చక్రం కింద పడతారు. మింగలేక కక్కలేక ఉడికిపోయాను. మా ఇంటావిడ ఫరహత్ "నీకెందుకయ్యా, నీ పని నువ్వు చూసుకో" అంటే ఆమె మీద కూడా అరిచాను. ఆమె తప్పేమీ లేదు.

ముందు పెట్రోలు కారు తెప్పించారు. పెద్దాయన మాట మీద షోరూమువాళ్ళు ఒక పూట బండి ఇచ్చారు. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాకా వెళ్ళి రావాలన్నారు. నేను నడిపి చూసింది పెనమలూరు వరకే. అక్కడ నన్ను ఎడమ సీట్లోకి మార్చి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు.

తొక్కారు. ఆ మోతకి, ఆగని హారనుకి జనం ముందుగానే పక్కకి తప్పుకున్నారు. సైకిలు మీద వెళ్ళే పెద్దమనిషి దిగి నిలబడ్డాడు. కంకిపాడులో కూరగాయలాయన తోపుడుబండిని లాక్కుని రోడ్డు దిగిపోయాడు. ఉయ్యూరు వెళ్ళి తిరిగొచ్చేదాకా కారు మీద ఒక్క గీత పడలేదు.

"చూశావా? డెబ్భై దగ్గరపడ్డా నా చెయ్యి అలాగే ఉంది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన ఎవర్నీ తప్పించలేదు. అందరూ ఆయన్నే తప్పించుకున్నారు.

రెండు రోజుల తర్వాత ఎలక్ట్రిక్ కారు వచ్చింది. అదే రోడ్డు, అదే ఏర్పాటు. ఆ బండి గొప్పగా ఉందని ఒప్పుకోవాలి. ఇలా కాలు ఆనిస్తే అలా ముందుకు దూకింది. లోపల గడియారం చప్పుడు కూడా వినపడేటంత నిశ్శబ్దం. పెద్దాయనకి అది అసలు నచ్చలేదు. కదులుతోందో లేదో తెలియట్లేదని గొణుగుతూనే ఉన్నారు.

చెరుకు సీజను. ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఒక ట్రాక్టరుని దాటేసి, ఆయన కారుని మళ్ళీ ఎడమకి లాగారు. ఆ ట్రాక్టరు ముందు రోడ్డు పక్కనే ఒకామె నెత్తిన చెరుకాకు మోపు పెట్టుకుని నడుస్తోంది. కారు చప్పుడు ఆమెకి వినపడలేదు. ఆమె ఈయనకి కనపడలేదు. నేను "సార్" అంటూనే స్టీరింగు పట్టుకుని కుడికి తిప్పాను. పక్క అద్దం మోపులోంచి వేలాడే ఆకులకి తగులుకుంది. మోపు కింద పడింది. కారు ఉన్నపళాన ఆగింది. వెనక ట్రాక్టరువాడు బ్రేకు మీద నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది.

నేను దిగి పరిగెత్తాను. ఆమెకి దెబ్బ తగల్లేదు. కారు దగ్గరికి వచ్చి కిటికీలోకి వంగి, "కళ్ళు కనపడట్లా నీకు?" అని అడిగింది.

రోడ్డు మీద ఎవరైనా ఎవర్నైనా అనే మాటే. పెద్దాయన మొహం మాత్రం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకుని, "చప్పుడు రాని బండమ్మా ఇది. నేనేం చేసేది?" అన్నారు. నేను మోపు ఎత్తబోతే ఆమె నాకు దణ్ణం పెట్టింది. మోపు ఆమె నెత్తిన పెట్టి, ఆయన్ని పక్క సీట్లోకి జరగమని నేనే స్టీరింగు ముందు కూర్చున్నాను.

ఇల్లు చేరాక మజ్జిగ అడిగి, సోఫాలో కూర్చుని కొడుక్కి తీర్పు చెప్పారు. "నీ ఎలక్ట్రిక్కు మనుషుల్ని చంపుద్దిరా. వస్తున్నట్టే తెలీదు. పెట్రోలుదే బుక్ చెయ్యి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నేను గుమ్మంలో పాత కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాను.

"కెమెరాలున్నాయిగా నాన్నా, చూసుకోవాలి మరి" అన్నాడు సాయిగణేష్. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు చెప్పు అలీ. రెండూ చూశావు. ఏది కొనాలి?" అన్నాడు.

"ఏదీ వద్దు బాబూ. లోపం బండిలో లేదు" అన్నాను.

అతను అర్థమైనట్టు తలూపాడు. "నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాలే. దానికోసం నాన్నని భయపెట్టకు" అన్నాడు.

అంతే. ఏడాదిగా అణచుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. వెళ్ళి తాళాలు అతని ముందు బల్ల మీద పడేశాను.

"ఈ నిమిషం నుంచి నేను మీ డ్రైవర్ని కాను. రేపట్నుంచి రాను. కొట్లో పనీ వద్దు. ఇప్పుడు నాకు ఇక్కడ పోయేదేం లేదు, వచ్చేదేం లేదు. ఇప్పుడైనా నా మాట వింటారా? మీ నాన్నగారికి ఎడమ కన్ను కనపట్టం లేదు. ఏ కారు కొన్నా ఆ పక్కన నడిచేవాళ్ళు చస్తారు. ఇవాళ చావాల్సిన మనిషి నన్ను చూసి దణ్ణం పెట్టింది. నేను తల ఎత్తలేకపోయాను."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పెద్దాయన విసుగ్గా, "రత్నం, మజ్జిగ అడిగి ఎంతసేపైంది? ఎక్కడున్నావే?" అని వంటింటివైపు కేకేశారు.

ఆయన భార్య వెంకటరత్నమ్మగారు ఆయన పక్కనే ఉన్నారు. ఎడమవైపు, మూరెడు దూరంలో, మజ్జిగ గ్లాసు ఆయన ముందుకి చాపి, ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారు.

సాయిగణేష్ తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూశాడు. ఆమె సోఫా చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి గ్లాసు ఆయన చేతిలో పెట్టారు.

"ఆర్నెల్ల నుంచి కంచం కుడిపక్కకి జరిపే పెడుతున్నాను. చెబితే మీకు కోపమొస్తుందని" అన్నారు.

అంటే ఆమెకీ తెలుసు. అందరికంటే ముందు నాకు ఆమె మీదే మండింది. ఆ తర్వాత నా మీద. కంచం జరిపిన ఆమెకీ, ఏడాదిపాటు నోరు మూసుకున్న నాకూ తేడా ఏముంది?

పెద్దాయన మజ్జిగ తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, "అలీ, తాళాలు తీసుకో. ఆస్పత్రికి పోదాం పద" అన్నారు. గొంతులో మునుపటి అధికారం లేదు.

తీసుకోవాలనే అనిపించింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే ముందుకి పోయింది. వెనక్కి లాక్కున్నాను.

"ఇప్పుడు తీసుకుంటే, ఇందుకే చెప్పాననుకుంటారు సార్."

"ఎవరూ అనుకోరయ్యా."

"ఇందాకే అనుకున్నారు" అన్నాను సాయిగణేష్ మొహంలోకి చూస్తూ. అతను తల దించుకుని తాళాలు తీసుకున్నాడు.

బయటికొచ్చి బందరు రోడ్డు మీద బస్టాపులో నిలబడ్డాను. ఫరహత్‌కి ఏం చెప్పాలో తెలియలేదు. కోపం మాత్రం తగ్గలేదు. పావుగంటకి మా పాత కారు వచ్చింది. సాయిగణేష్ నడుపుతున్నాడు. క్లచ్ ఎలా వదలాలో ఇంకా తెలియదు, కుదుపులతో తీసుకొస్తున్నాడు. పెద్దాయన ముందు ఎడమ సీట్లో, అద్దం దించుకుని కూర్చున్నారు. ఎర్ర లైటు పడి కారు నా ముందే ఆగింది. చెయ్యి చాపితే ఆయన ఎడమ భుజం తగిలేటంత దగ్గర.

చెయ్యెత్తి నమస్కారం పెట్టాను. ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నారు. పచ్చ లైటు పడి కారు కదిలేదాకా నేను చెయ్యి దించలేదు.